హైబ్రిడ్ కారు చిన్న బ్యాటరీ మాటిమాటికీ డౌన్ అవుతోంది, వారంటీ లేదంటున్నారు, కేసు వెయ్యొచ్చా?

ప్రశ్న: మేడం నమస్తే, మాది కరీంనగర్. రెండేళ్ల కింద హైదరాబాద్‌ల 21 లక్షలు పెట్టి స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు కొన్నం. నాలుగైదు రోజులు బండి తియ్యకపోతే డోర్లు గూడ ఓపెన్ అయితలేవు, జంప్ స్టార్ట్ చేస్తే మంచిగనే నడుస్తది. షోరూం వాళ్లు పైసలు తీస్కొని 12 వోల్టుల బ్యాటరీ మార్చిన్రు, రెండు నెలలకే మళ్లా అదే కథ. ఇప్పుడేమో మీరు బయట డాష్‌క్యామ్ పెట్టించిన్రు కాబట్టి ఎలక్ట్రికల్ వారంటీ మొత్తం పోయింది అంటున్నరు. కన్స్యూమర్ కోర్టుల కేసు వేస్తే కారు మార్చి ఇస్తరా?

జవాబు: కారు సంగతి తర్వాత, ముందు ఆ బ్యాటరీ ఎందుకు డౌన్ అవుతోందో కాగితం మీద తేలాలండి. ఇది మెకానిక్ చూసుకోవాల్సిన విషయంలా ఉంటుంది గానీ మీ కేసు మొత్తం దీని మీదే నిలబడుతుంది, బ్యాటరీ దానంతటది పాడైతే ఒక లెక్క, డాష్‌క్యామ్ కరెంటు లాగేస్తుంటే ఇంకో లెక్క, కారు లోపలి పార్టే పాడైతే పూర్తిగా వేరే లెక్క. మీ షోరూం వాళ్లు ఈ మూడింట్లో ఏదో చూడకుండానే బ్యాటరీ మార్చి బిల్లు వేశారు, నాకు కోపం వచ్చేది అక్కడే.

మీ బండి స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు పెద్ద బ్యాటరీ, మోటారు కూడా ఉంటాయి, మామూలు కార్లలాగా డైనమో ఉండదు. పెద్ద హైబ్రిడ్ బ్యాటరీ నుంచి వచ్చే ఎక్కువ వోల్టేజీని డీసీ-డీసీ కన్వర్టర్ అనే పార్టు 14 వోల్టుల దగ్గరికి తగ్గించి చిన్న బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది, అది కూడా డ్యాష్‌బోర్డు మీద రెడీ అని వచ్చినప్పుడే. ఉత్తినే ఆన్ చేసి పాటలు వింటూ కూర్చుంటే ఛార్జింగ్ ఎక్కదు, ఖర్చు మాత్రం అవుతుంది.

మంచి ఎలక్ట్రీషియన్‌కి ఇది చూడటం పెద్ద పనేం కాదు. రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 ఉంటే సగమే ఉన్నట్టు, 12 కన్నా తక్కువంటే దాదాపు ఖాళీ. తర్వాత బండి రెడీలో పెట్టి మళ్లీ చూడాలి, మామూలుగా 13.5 నుంచి 14.5 మధ్య వస్తే కన్వర్టర్ ఛార్జింగ్ ఇస్తున్నట్టే, రెడీలో కూడా 12 చిల్లరే చూపిస్తూ ఇంకా తగ్గుతుంటే కన్వర్టర్‌లోనో దాని ఫ్యూజు, వైరింగ్‌లోనో తేడా ఉంది. ఆరెంజ్ రంగు కేబుల్స్ జోలికి మాత్రం మీరు గానీ బయట మెకానిక్ గానీ అస్సలు పోవద్దు, అవి హై వోల్టేజీవి, ప్రాణాల మీదికొస్తుంది.

ఒక మాట నేరుగా చెప్తాను. నడిపినన్ని రోజులు బాగుండి, నాలుగైదు రోజులు ఆపితేనే డౌన్ అవుతోందంటే నాకు కన్వర్టర్ కన్నా కరెంటు లీకేజీ మీదే, అంటే బండి ఆపి ఉన్నా ఏదో కరెంటు లాగుతుండటం మీదే ఎక్కువ అనుమానం. బండి లాక్ చేసి, రిమోట్ కీ దూరంగా పెట్టి, లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా ఆగి, బ్యాటరీ నుంచి పోయే కరెంటు కొలిస్తే సాధారణంగా 50 మిల్లీ యాంప్స్ లోపే ఉండాలి. అది 200 ఉందనుకోండి, రోజుకి 4.8 యాంపియర్ అవర్లు పోతాయి, అంటే 45 యాంపియర్ అవర్ల బ్యాటరీలో ఐదు రోజులకి సగం పైన ఖాళీ. అప్పుడు డాష్‌క్యామ్ ఫ్యూజు పీకి మళ్లీ కొలవాలి, లెక్క కిందికి పడిపోతే తప్పు డాష్‌క్యామ్‌ది, పీకినా 200 అలాగే ఉంటే తాగేది కారులోదే ఏదో, షోరూం వాదన అక్కడితో పోయినట్టే. ఈ కొలతలన్నీ జాబ్ కార్డులో, అంటే సర్వీసుకి ఇచ్చినప్పుడు షోరూం వాళ్లు రాసే కాగితంలో రాయించుకోండి, సంతకం తీసుకోండి, ఫోటోలు తీసుకోండి, రాయమంటే రాయకపోతే అదే రోజు మెయిల్ పెట్టండి మేం అడిగాం మీరు కొలవలేదు అని. ఇంకోసారి బ్యాటరీ మారుస్తామంటే ఈ టెస్ట్ అయ్యాకే ఒప్పుకోండి, పాత బ్యాటరీ వాళ్లకి వదిలెయ్యకండి.

ఇక వారంటీ సంగతి. సాధారణంగా బుక్‌లెట్లలో బయటి ఫిట్టింగ్ వల్ల వచ్చిన డ్యామేజీకి వారంటీ రాదు అని ఉంటుంది, డాష్‌క్యామ్ పెట్టిన పాపానికి మొత్తం ఎలక్ట్రికల్ వారంటీ పోయింది అనడం వేరు. మీ బుక్‌లెట్‌లో ఆ క్లాజు ఎలా ఉందో చదవండి, వాళ్లు ఏ క్లాజు కింద కాదంటున్నారో రాతపూర్వకంగా అడగండి. డాష్‌క్యామ్ వల్లే అంటున్నది వాళ్లు కాబట్టి ఆ సంబంధం చూపించాల్సింది కూడా వాళ్లే, అయితే కారులో లోపం ఉందని చూపించే భారం ముందు మీ మీదే ఉంటుంది, అది మర్చిపోవద్దు. చిన్న బ్యాటరీకి వారంటీ తక్కువ కాలమే ఉండొచ్చు, కానీ హైబ్రిడ్ బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తున్నాయి, కన్వర్టర్ దేని కింద వస్తుందో కూడా అందులోనే చూడండి.

చట్టం ప్రకారం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వస్తువులో లోపం, సేవలో లోపం రెండూ ఉన్నాయి, కారణం వెతక్కుండా బ్యాటరీ మార్చి డబ్బులు తీసుకోవడం సేవాలోపం అని గట్టిగా వాదించొచ్చు. మీరు హైదరాబాద్ తిరగక్కర్లేదు, ఉండే ఊరు కరీంనగర్ కాబట్టి అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వెయ్యొచ్చు, కారుకి మీరు కట్టింది 50 లక్షల లోపు కాబట్టి దాని పరిధిలోకే వస్తుంది, 20 నుంచి 50 లక్షల మధ్యకి ఫీజు 1,000 రూపాయలు. డీలర్‌నీ కంపెనీనీ ఇద్దర్నీ పార్టీలుగా పెట్టండి, లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. టెస్ట్ చేస్తే గానీ లోపం తేలదంటే సెక్షన్ 38 కింద కమిషనే ల్యాబ్‌కి పంపించొచ్చు, ఆ ఫీజు ముందు మిమ్మల్ని కట్టమనొచ్చు. గడువు రెండేళ్లు, దాన్ని మీ మొదటి జాబ్ కార్డు తేదీ నుంచే లెక్కేసుకోండి, అదే సేఫ్.

కారు మార్చి ఇవ్వడం మాత్రం కష్టమండి. మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు పాడైన పార్టు మార్చడమే గానీ కారు మొత్తం మార్చమనడం సరికాదు అంది, వారంటీ షరతులు చూసే చెప్పింది. పార్టు ఉచితంగా మార్చడం, బ్యాటరీ డబ్బులు వాపసు, తిప్పలకి నష్టపరిహారం, ఖర్చులు, ఇవి అడిగితే నిలబడతాయి.

కేసుకి ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి, లాయర్ నోటీసు తప్పనిసరి కాదు గానీ పంపితే మంచిదే. ఒకవేళ డాష్‌క్యామ్ తీస్తే లీకేజీ ఆగిపోయింది అంటే మాత్రం కేసు వెయ్యకండి, బండి ఆపి ఉన్నా రికార్డు చేసే దాని పార్కింగ్ మోడ్ ఆపేసి, కారు ఆఫ్ అయితే కరెంటు కట్ అయ్యే ఫ్యూజుకి వైరు మార్పించుకుంటే సరిపోతుంది.