కీ వదిలినా బొమ్మ ఆగట్లేదు

ప్రశ్న: సార్, డాస్ మీద డీజేజీపీపీ అనే సీ కంపైలర్‌తో చిన్న గేమ్ రాస్తున్నా. కీబోర్డ్ కోసం ప్రొటెక్టెడ్ మోడ్‌లో ఇంట్ 9కి, అంటే కీ నొక్కినా వదిలినా వచ్చే ఇంటరప్ట్‌కి, నా సొంత హ్యాండ్లర్ ఫంక్షన్ పెట్టాను. డబ్ల్యూ నొక్కితే బొమ్మ పైకి పోతుంది, వదిలినా ఆగదు, ఆ తర్వాత ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మ్యాప్ ఫైల్ చదవబోతే మొత్తం హ్యాంగ్. ర్యాపర్ (హ్యాండ్లర్ చుట్టూ ఉండే చిన్న కోడ్) వాడాను, వెక్టర్ (ఇంటరప్ట్ వస్తే దూకాల్సిన అడ్రస్) సరిగ్గానే సెట్ చేశాను. తప్పెక్కడ?

జవాబు: బొమ్మ కదులుతూనే ఉంది అన్నారు కదా, జవాబు అందులోనే ఉంది. మీ హ్యాండ్లర్ చివర్లో పోర్ట్ హెక్స్ 20కి హెక్స్ 20 పంపట్లేదు, అంటే పని అయిపోయిందని ఇంటరప్ట్ కంట్రోలర్‌కి చెప్పట్లేదు. డబ్ల్యూ నొక్కగానే పోర్ట్ హెక్స్ 60లో ఆ కీ కోడ్ హెక్స్ 11 వస్తుంది, వదిలితే 91 రావాలి, కానీ కంట్రోలర్ ఇంకా మొదటిదే నడుస్తోందనుకుని రెండోది ఆపేస్తుంది, అందుకే మీ గేమ్ దృష్టిలో ఆ కీ ఇంకా నొక్కే ఉంది. టైమర్‌ది ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైన్) 0, కీబోర్డ్ కంటే దాని ప్రయారిటీ ఎక్కువ కాబట్టి అది సెకనుకి 18.2 సార్లు కొడుతూనే ఉంటుంది. హార్డ్ డిస్క్ ఐఆర్‌క్యూ 14, అది ఐఆర్‌క్యూ 2 దారిలో వస్తుంది, కీబోర్డ్ కంటే కింద, అందుకే ఫైల్ దగ్గర ఆగిపోతోంది. పోర్ట్‌కి విలువ పంపే ఒక్క అవుట్‌పోర్ట్‌బీ లైన్‌తో ఈ రెండూ పోతాయి.

కానీ అది పెట్టి ఊరుకోకండి, అసలు ప్రమాదం ఇంకోటుంది. మెమరీ లాక్ చేశారా, అంటే డిస్క్ మీదకి పోకుండా కట్టేశారా? మీరు రాయలేదు కాబట్టి చేయలేదనే అనుకుంటున్నా. మీ ప్రోగ్రామ్‌కి మెమరీ చూసే సీడబ్ల్యూఎస్‌డీపీఎంఐ, మెమరీ తక్కువైతే పేజీలని (మెమరీ ముక్కలని) డిస్క్ మీదకి తోసేస్తుంది. మీ హ్యాండ్లర్ కోడ్ గానీ అది ముట్టుకునే వేరియబుల్ గానీ అలా పోయిన టైంలో కీ నొక్కితే, పేజీ వెనక్కి తేవడానికి డాస్‌ని పిలవాలి, అప్పటికే డాస్ వేరే పని మధ్యలో ఉంటే అంతే సంగతులు, ఎందుకంటే డాస్‌ని దాని పని మధ్యలో మళ్లీ పిలవకూడదు. హ్యాండ్లర్‌లో ప్రింట్ఎఫ్ వద్దనేది కూడా ఇందుకే. ఈ బగ్ మెమరీ ఎక్కువున్న మెషీన్‌లో కనపడదు, మీ దగ్గర నెలల తరబడి బాగానే ఆడుతుంది, ఫ్రెండ్ దగ్గర పడిపోతుంది. దీని వెనక నేను చాలా రాత్రులు పోగొట్టుకున్నా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. లాక్ కోడ్, లాక్ డేటా ఫంక్షన్లు రెండూ వాడండి, కోడ్ ఒక్కటే లాక్ చేసి కీల టేబుల్‌ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. చిన్న గేమే కదా, సీఆర్‌టీ0 ఫ్లాగుల్లో (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు చూసే సెట్టింగుల్లో) లాక్ మెమరీ పెట్టేస్తే మొత్తం ప్రోగ్రామే లాక్ అవుతుంది, మీకు అదే నయం.

బయటికొచ్చేటప్పుడు ముందు పాత వెక్టర్ తిరిగి పెట్టండి, ఆ తర్వాతే ర్యాపర్‌ని ఫ్రీ చేయండి. తిరగేసి చేస్తే ఆ మధ్యలో ఎవరైనా కీ నొక్కినా సరే, ప్రాసెసర్ వదిలేసిన మెమరీలోకి దూకుతుంది.