బోటు నీళ్ళలోకి దించేముందు

ఒరేయ్ అల్లుడూ,

సొంత బోటు కొన్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది, ఫొటోలు కూడా పంపింది. మన ఇళ్ళల్లో ఒకరి కింద కలాసీగా పోకుండా సొంత ఇంజనుతో వేటకి పోతున్న మొదటివాడివి నువ్వే. టీ కొట్టు దగ్గర కనబడ్డవాడికల్లా చూపించాను. చూపిస్తుంటేనే నాకు గుబులు పట్టుకుంది. పేరు రాయించావు, ముందువైపు అమ్మవారి బొమ్మ వేయించావు, పక్కలు నున్నగా మెరిసిపోతున్నాయి. పట్టుకోవడానికి ఒక్క తాడు ముక్క లేదు.

జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, మర్నాడే పోతానంటున్నావట. ఈలోగా ఇది చదువు.

లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, వల కింద కాదు. ఫోన్‌లో 1554 వేసుకో, అది కోస్ట్ గార్డు నంబరు. లుంగీతో ఇంజను దగ్గరికి పోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఈత వచ్చు కదా అంటావు. మనలో రానిదెవడికిరా? నా భయం నువ్వు పడతావని కాదు, పడ్డాక ఎక్కలేవని. తెప్ప మీద రోజూ పడేవాళ్ళం. అది నీళ్ళకి సమానంగా ఉంటుంది, బోర్లా పొర్లితే పైకొచ్చేసేవాళ్ళం. ఆ అలవాటుతోనే అందరం ఫైబర్ బోట్లెక్కాం. ఆ అంచు నీళ్ళలోంచి చూస్తే గోడే.

మీ నాన్న కుడి చెయ్యి భుజం పైకి లేవదు కదా. వలలు లాగి లాగి అలా అయిందని నీకు చెప్పుంటాడు. కాదు. అప్పట్లో మేమిద్దరం సూర చేపల వేటకి ఒకే బోటు మీద పోయేవాళ్ళం. బోటు నడిపే సరంగు దాని పక్కన ఒక తాడు వేలాడగట్టి ఉంచేవాడు. గేలాలు దానికి చిక్కుకుంటున్నాయని మీ నాన్న విసుక్కుని విప్పి లోపల పడేశాడు. ఆ మధ్యాహ్నమే ఒంటేలుకని అంచు మీద నిలబడ్డాడు, చిన్న కెరటం కుదిపింది, పడ్డాడు. నవ్వాం. ఆయనా నవ్వుతూనే ఈదుకొచ్చి అంచు పట్టుకున్నాడు. లేవబోతే కాళ్ళు బోటు కిందకి జారిపోయాయి. మళ్ళీ లేచాడు, మళ్ళీ జారాడు. కాసేపటికి ముంజేతులు వణకడం మొదలైంది, అప్పుడు ఆగింది మా నవ్వు. లాగుదామని అందరం అటే చేరేసరికి బోటు ఒరిగి నీళ్ళు లోపలికొచ్చాయి. ఇద్దరు ఆ కుడిచెయ్యి పట్టుకుని గుంజుతున్నారు, సరిగ్గా అప్పుడే బోటు కెరటం మీదకి లేచింది. భుజం టక్కుమన్న చప్పుడు ఇంజను పక్కనున్న నాకూ వినబడింది.

సరంగు బూతులు తిట్టి అందర్నీ అవతలి పక్కకి తోలాడు. పాత వల ముక్క ఒక అంచు బోటుకి కట్టి, మిగతాది ఆయన ఒంటి కిందుగా పోనిచ్చి, రెండో అంచు పట్టి మెల్లగా లాగించాడు. మనిషి దొర్లుకుంటూ లోపలికొచ్చేశాడు. మేం లేపి కూర్చోబెట్టబోతే, వద్దు, కాసేపు అలాగే పడుకోనివ్వండి అన్నాడు సరంగు. అది మాత్రం మర్చిపోకు. చాలాసేపు నీళ్ళలో ఉన్నవాణ్ణి ఒక్కసారిగా నిలబెడితే కళ్ళు తిరిగి కూలిపోతాడు, ప్రాణం మీదకి కూడా రావచ్చు. ఒంటేలుకి డబ్బా పెట్టుకో, సిగ్గు పడకు.

ఇక తాడు సంగతి. లావుపాటి తాడు తీసుకుని, బోటు మధ్యకి కాస్త వెనగ్గా, ఇంజనుకి దూరంగా కట్టు. చివర కాలు పట్టేంత ఉచ్చు వెయ్యి. ఉచ్చు నీళ్ళలో మోకాలి లోతుకి మించకూడదు, మించితే కాలు బోటు కిందకి తన్నుకుపోయి నువ్వు వెల్లకిలా పడతావు. దానికి పైన ఇంకో ఉచ్చు. ఇంజను నడుస్తుంటే చిక్కుకోకుండా పైకి మడిచి పెట్టుకో, కానీ కొస నీళ్ళలోంచి చెయ్యి చాస్తే అందాలి, లాగితే ఊడి కిందకి రావాలి. ఎక్కేటప్పుడు నిలువుగా లేవాలని చూడకు. కాళ్ళు వెనక్కి తన్ని ఒళ్ళు నీళ్ళ మీద చాపు, పొట్ట అంచు మీద వేసి లోపలికి జారు. బోటు వెనకనుంచి ఎక్కకు. కెరటాలున్నప్పుడు అది లేచి నెత్తిన పడుతుంది.

నీ కుర్రాళ్ళకి కూడా చెప్పు. ఒకడు పడితే ఇంకొకడు వెంట దూకకూడదు. ఒకడు చూపుడు వేలు పడ్డవాడి మీంచి తియ్యకుండా చూపిస్తూనే ఉండాలి, రెండు కెరటాలు దాటితే తల కనబడదు. దగ్గరికి రాగానే ఇంజను పూర్తిగా ఆపెయ్యాలి. ఇంజను నడుస్తుండగా నీళ్ళలో పంకా తిరక్కుండా ఉంచితే చాలనుకోకూడదు.

బోటు దించిన రోజే ఒడ్డుకి దగ్గర్లో నువ్వు దూకి, ఎవరూ చెయ్యి ఇవ్వకుండా ఎక్కి చూడు. తర్వాత వాళ్ళని ఒక్కొక్కణ్ణే ఎక్కించు. మీ అమ్మని మాత్రం చూడ్డానికి రానివ్వకు.

తాడు నువ్వు కొనకు. బజార్లో సన్నది అంటగడతారు, అరికాలు కోసేస్తుంది. 12వ తారీఖు సాయంత్రం బస్సుకి నేనే తెస్తున్నాను. మీ నాన్నకి ఈ ఉత్తరం చూపించకు, నా మీద ఎగురుతాడు.

మీ మావయ్య