ఎయిర్‌బేస్‌కు పడవలెందుకు? కర్నూలు మిద్దె మీది నుంచి ఒక జవాబు

"హెలికాప్టర్లు ఉండగా ఎయిర్‌బేస్‌కు రెస్క్యూ పడవల యూనిట్ దేనికి? మాది ఆదోని. సముద్రం చూడని మా తమ్ముడు అలాంటి పనిలో నెగ్గుకొస్తాడా?" అని మీరు అడిగారు.

నాది కర్నూలు పాతబస్తీ. ఎయిర్ ఫోర్స్ సేఫ్టీ ఎక్విప్‌మెంట్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. పారాచూట్లు, లైఫ్ జాకెట్లు, డింగీలు చెక్ చేసి మడతపెట్టడం మా పని. డింగీ అంటే పైలట్ సీటు కింద సర్దిపెట్టే రబ్బరు పడవ, ఒక్క మనిషికి సరిపోతుంది. సిలిండర్‌లోని గ్యాస్‌తో ఉబ్బుతుంది. మడతలు అంటుకోకుండా పౌడర్ చల్లుతాం. ఆ పౌడర్ తెల్లగా చొక్కాకు అంటుకుంటే మా ఆవిడ "ఏం, పిండిగిర్నీలో ఉద్యోగమా?" అనేది.

ఇక విషయానికొస్తాను. హెలికాప్టర్ తొందరగా చేరుతుంది, పైనుంచి దూరం కనబడుతుంది. నిజమే. కానీ దాని రెక్కల గాలి మామూలుది కాదు, కిందున్న డింగీని అది బోర్లా వేసినా వేస్తుంది. పైలట్ ఒంటికి పారాచూట్ ఇంకా చుట్టుకుని ఉంటే మరీ ప్రమాదం, గాలికి గుడ్డ ఉబ్బి మనిషిని ఈడ్చుకుపోతుంది. పైగా ఇంధనం అయ్యేలోపు అది తిరిగి వెళ్లాలి. పడవైతే అక్కడే ఉండి గంటల తరబడి వెతుకుతుంది, శకలాలు కూడా ఏరుకొస్తుంది.

ఈ ఆలోచన పాతదే. బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ 1918లో పుట్టినప్పటి నుంచి దానికి సొంత పడవల శాఖ ఉండేది, 1986లో మూసేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో అరబ్బుల పక్షాన పోరాడి అరేబియా లారెన్స్‌గా పేరుపడ్డాయన తర్వాత ఆ ఎయిర్ ఫోర్స్‌లో 'షా' అనే పేరుతో మామూలు ఎయిర్‌మన్‌గా చేశాడు. 1931లో ప్లిమత్ దగ్గర ఒక విమానం కళ్లముందే నీళ్లలో పడింది. అప్పటి పడవల నిదానం చూశాక ఆయన వేగమైన పడవల తయారీ వెంట పడ్డాడు. అమెరికాలో టిండాల్ బేస్ వాళ్లకు 120 అడుగుల పడవలున్నాయి, సముద్రంలో పడిన డ్రోన్లను అవే తెచ్చుకుంటాయి.

మన దగ్గర సముద్రంలో వెతుకులాట బాధ్యత కోస్ట్ గార్డ్‌ది. నేవీ, ఎయిర్ ఫోర్స్ తోడుంటాయి. 2016 జూలైలో తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళుతూ 29 మందితో మాయమైన ఎయిర్ ఫోర్స్ రవాణా విమానం ఏఎన్-32 కోసం అందరూ కలిసి వెతికారు. సుమారు 3,400 మీటర్ల లోతున దాని శకలాలు కనబడింది 2024లో. కాబట్టి మీ తమ్ముడికి ఈ పని మీదే మనసుంటే ముందు కోస్ట్ గార్డ్ వైపు చూడమనండి.

ఇక ఈత సంగతి. చేరేనాటికి నేను తుంగభద్రలో మోకాటిలోతు దాటి దిగినవాణ్ణి కాదు. ఒకసారి తీరంలోని ఒక బేస్‌లో డ్రిల్‌కు నన్నే 'బాధితుడి'గా నీళ్లలోకి దించారు. పడవ కాస్త దూరం పోగానే నాకు టెన్షన్ మొదలైంది. అల లేస్తే పడవ లేదు, దిగితే ఉంది. వాళ్లకు నా తల కూడా అంతే కదా! తర్వాత తెలిసింది, పడవలో ఒకడికి వేరే పనే ఉండదట. కళ్లు తిప్పకుండా మనిషి వైపు చెయ్యి చాపి నిలబడాలి, నడిపేవాడు ఆ చేతిని చూసి తిప్పుతాడు. దగ్గరికొచ్చాక ఇంజను ఆపారు, ఫ్యాన్ తగలకుండా. నన్ను నిలువునా లాగలేదు, పడుకోబెట్టి దొర్లించారు. చల్లటి నీళ్లలో చాలాసేపు ఉన్నవాణ్ణి నిలువుగా ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఇదంతా సముద్రం పాఠం, కర్నూలులో దేనికి పనికొస్తుందిలే అనుకున్నాను. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకే వచ్చాయి. మేం మిద్దె ఎక్కాం. హెలికాప్టర్ పొట్లాలు వేసింది, సగం మిద్దెల మీద, సగం నీళ్లలో. ఇరుకు సందుల్లో కరెంటు తీగల మధ్య అది మాత్రం ఏం చేస్తుంది? చేపలవాళ్ల పుట్టి ఒకటి వచ్చింది గానీ వడికి గిర్రున తిరిగిపోయింది.

పొద్దుగూకే వేళకు రబ్బరు పడవ వచ్చింది. అవతలి సందులో ఒక ముసలాయన ప్రహరీ గోడ మీద కూర్చుండిపోయాడు. నాకు పైనుంచి కనబడుతున్నాడు, కింద పడవలోవాళ్లకు కనబడడు. అరిస్తే నీళ్ల హోరులో వినబడదు. పిట్టగోడ మీదికి ఎక్కి ఆయన వైపు చెయ్యి చాపి నిలబడ్డాను. పడవవాడు నా చెయ్యి చూశాడు. నేరుగా ఆయన మీదికి రాలేదు, గోడ దాటి దిగువకు పోయి, ముక్కు వరదకు ఎదురు తిప్పి, నెమ్మదిగా పైకి వచ్చాడు. అట్లయితేనే పడవ చేతిలో ఉంటుంది, పైనుంచి వస్తే వరద తోసుకొచ్చి గోడకు కొడుతుంది. ఇద్దరు ఆయన్ని చొక్కా, పంచె పట్టుకుని, పడుకోబెట్టి లోపలికి దొర్లించారు.

"ఎక్కించుకున్నారు గదా, ఇంక చెయ్యి దించు" అంది మా ఆవిడ.