మ్యూజియంకు కలిసి వెళ్ళారు, అలిగి తిరిగొచ్చారు

ప్రశ్న: మాది హైదరాబాదు. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మా బాబుకు తొమ్మిదేళ్ళు, వాడికి డైనోసార్లంటే ప్రాణం. సింగరేణిలో పనిచేసి రిటైరైన మా మామగారు చెన్నూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. ఒక ఆదివారం అందరం బిర్లా సైన్స్ మ్యూజియంకు వెళ్ళాం. మావారు ప్రతి బోర్డు దగ్గరా బాబును నిలబెట్టి ప్రశ్నలు వేశారు. వాడు తడబడితే పదిమందిలో కసిరారు. అది చూసి మామగారు "ఈ బొక్కలు (ఎముకలు) సూసేటందుకా గింత దూరం తోల్కచ్చిన్రు" అన్నారు. అప్పటినుంచి మావారికీ మామగారికీ మాటల్లేవు. బాబు తన డైనోసార్ బొమ్మలన్నీ అట్టపెట్టెలో వేసి మంచం కిందికి తోసేశాడు. మావారిచేత మామగారికి క్షమాపణ చెప్పించాలా? మళ్ళీ వెళ్దామని అడగవచ్చా? మీ జవాబు మావారికి చూపించనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పెద్దవాళ్ళ అలకకంటే నాకు ఎక్కువ బెంగ కలిగించింది ఆ అట్టపెట్టె. ఇష్టంగా నేర్చుకుంటున్న విషయం మీద పరీక్ష పెట్టి, తప్పు చెప్పాడని నలుగురిలో చిన్నబుచ్చితే, ఆ విషయాన్నే దాచేసుకోవడం తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తోచే సులువైన దారి. కాబట్టి క్షమాపణ అంటూ ఉంటే అది ముందు బాబుకు చెందాలి. అదీ పెద్ద ప్రసంగంలా కాకుండా, "ఆ రోజు నిన్ను అలా కసిరి ఉండకూడదు నాన్నా" అని మీవారు వాడి పక్కన కూర్చుని ఒక్క మాట అంటే చాలు. పెట్టెను మీరు బయటికి తీయకండి, వాడే తీసుకుంటాడు.

మీవారిని తప్పుపట్టడం తేలికే గాని, షిఫ్టుల ప్రకారం బాయికి (బొగ్గుగనికి) వెళ్ళివచ్చే తండ్రి ఇంట్లో పెరిగిన మనిషికి ఇలాంటి షికార్లు చిన్నప్పుడు ఎన్ని దక్కి ఉంటాయో ఆలోచించండి. తనకు అందనిది కొడుక్కి అందిస్తున్నప్పుడు అందులో రవ్వంత కూడా వృథా పోకూడదన్న తాపత్రయమే ఆయనను మాస్టారిగా మార్చి ఉండవచ్చు. అదే నిజమైతే, తండ్రి అన్న మాట ఆయనకు ఎందుకంత గట్టిగా తగిలిందో కూడా అర్థమవుతుంది. మామగారి విసురు మనవడిని వెనకేసుకు రావడానికి అన్నదేమో, లేక మోకాళ్ళ నొప్పో, అక్కడ తనకేమీ పని లేదన్న చిన్నతనమో మీరే గమనించి చూడాలి.

నిజానికి ఆ నలుగురిలో అక్కడ చెప్పడానికి అందరికంటే ఎక్కువ ఉన్నది ఆయనకే. మీరు చూసిన పెద్ద అస్థిపంజరం కోటసారస్ అనే డైనోసార్‌ది. జురాసిక్ యుగపు తొలి దశకు చెందిన ఆ జంతువు ఎముకలు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర, అంటే మామగారు పుట్టి పెరిగిన ప్రాణహిత-గోదావరి సీమలోనే దొరికాయి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టారు. అది ఒక్క జంతువు కళేబరం కాదు. కనీసం 12 జంతువుల ఎముకలు అక్కడ బయటపడితే, వాటినుంచి కూర్చి నిలబెట్టారు. పళ్ళు తప్ప తల దొరకలేదు కనుక, ఆ తల మనుషులు ఊహించి చేసినదే. "ఇందులో ఏది అసలు, ఏది చేసినది?" అన్నది బాబు తాతను పట్టుకుని అడగదగ్గ ప్రశ్న. ఇక మామగారు తవ్విన బొగ్గు ఆ డైనోసార్లకంటే చాలా ముందటి అడవులది. ఆ కాలపు రాళ్ళలో గ్లాసాప్టెరిస్ అనే ఆనాటి చెట్ల నాలుకలాంటి ఆకుల అచ్చులు కనిపిస్తాయి. బాయిలో అలాంటివి ఎప్పుడైనా చూశారా అని ఒక సాయంత్రం టీ ఇస్తూ అడగండి, బాబు వినేలా. చూడలేదన్నా ఫరవాలేదు, భూమిలోపల రాయి పొరలు పొరలుగా ఎలా ఉంటుందో చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లో ఇంకెవరున్నారు?

తండ్రీకొడుకుల మధ్య మాత్రం మీరు రాయబారాలు నడపవద్దు. "మీ నాన్నకు సారీ చెప్పండి" అని ఒత్తిడి చేస్తే ఆ మాట మీ కోసం చెప్పినట్టే ఉంటుంది, మామగారు అది ఇట్టే పసిగడతారు. భోజనాలు కలిపి వడ్డించండి, ఒకరి మాట ఇంకొకరికి మోయకండి.

మళ్ళీ వెళ్ళవచ్చు, కాని బాబు తనంతట తాను అడిగినప్పుడే. ఆ రోజు డైనోసార్ల విభాగం ఒక్కటి చాలు. ప్లానెటేరియం మరోసారికి ఉంచండి. ఆ మ్యూజియం నౌబత్ పహాడ్ గుట్టమీద ఉంది కనుక మామగారిని నడిపించకుండా వీలైనంత పైదాకా బండిలోనే తీసుకువెళ్ళండి, ఎండ ముదరకముందే బయలుదేరండి. ఎక్కడ ఎంతసేపు నిలబడాలో బాబే నిర్ణయించాలి. బోర్డు చదివి వినిపించమని వాడే అడిగితే తప్ప మీవారు చదవకూడదు. ఇది ఆయనకు కష్టంగానే ఉంటుంది, ముందుగానే చెప్పి ఒప్పించండి.

ఈ జవాబు ఆయనకు తప్పకుండా చూపించండి, అయితే మామగారు ఇంట్లో లేని వేళ చూసి.