వెనక్కి తిరిగే ఖర్చుతో సహా లెక్క వేసుకోండి

ప్రశ్న: నా వయసు 36. తిరుపతిలో ఉంటూ రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పని చేస్తున్నాను. నెలకు చేతికి 58,000 రూపాయలు వస్తాయి. నా భార్య ఇంట్లో కుట్టుపని మీద 9,000 సంపాదిస్తుంది. పాప రెండో తరగతి. ఇంటి లోను వాయిదా 17,500, ఇంకా 12 ఏళ్లుంది. ఇంటి ఖర్చు 26,000, స్కూలుకు 4,000, రెండు లక్షల చీటీకి 10,000 పోతాయి. ఇరవై నెలల చీటీలో ఆరు నెలలు కట్టాను. ఫిక్స్‌డ్ డిపాజిట్ 3,20,000, టర్మ్ పాలసీ 25 లక్షలు, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉన్నాయి. వచ్చే ఆగస్టులో ఇంజను సాయం లేకుండా మనాలీ నుంచి లేహ్‌కు, అక్కడి నుంచి చిలింగ్‌కు సైకిల్ మీద వెళ్లి, మార్ఖా లోయలో నడిచి, 6,250 మీటర్ల కాంగ్ యాత్సే-2 శిఖరం ఎక్కి, చిలింగ్‌కు తిరిగొచ్చి, నిమ్మూ దాకా జంస్కార్ నదిలో తెడ్డు వేసుకుంటూ దిగాలని నా కోరిక. 27 రోజులు, మూడు లక్షలు అవుతుందని అంచనా. డిపాజిట్ తీయాలా, చీటీ పాడుకోవాలా, పర్సనల్ లోను తీసుకోవాలా?

జవాబు: మీరు తప్పకుండా వెళ్లండి. అయితే వచ్చే ఆగస్టులో కాకుండా ఆ పై ఆగస్టులో, అప్పు లేకుండా, డిపాజిట్ ముట్టుకోకుండా వెళ్లండి. పన్నెండు నెలలు ఆగమనడం మీ ఉత్సాహాన్ని తగ్గించడానికి కాదు. అప్పు చేసిన సొమ్ముతో, వాపసు రాని అడ్వాన్సులతో, ఒక్క రోజు కూడా మిగలని సెలవుతో పర్వతం మీదికి వెళ్లినవాడు వెనక్కి తిరగాల్సిన చోట తిరగలేడు. మీ యాత్రకు డబ్బు ఎలా సమకూర్చుకున్నారన్నదే అక్కడ మీరు తీసుకునే నిర్ణయాలను సగం నడిపిస్తుంది.

మీరు చేయబోయే తరహా యాత్రకు పేరు పడిన స్వీడన్ సాహసి గోరన్ క్రోప్ 1995 అక్టోబరులో స్టాక్‌హోమ్ నుంచి సైకిల్ మీద బయలుదేరి నేపాల్ చేరి, 1996లో తన సామాను తానే మోసుకుంటూ ఎవరెస్ట్ ఎక్కడం మొదలుపెట్టారు. మే 3న శిఖరం ఇంకా నూరు మీటర్ల దూరంలో ఉందనగా, పొద్దుపోయాక దిగడం ప్రమాదమని వెనక్కి వచ్చేశారు. చివరకు మే 23న ఆక్సిజన్ సిలిండర్ లేకుండా శిఖరం చేరారు. అంత దూరం తొక్కి వచ్చిన మనిషి అంత దగ్గర నుంచి తిరగగలిగారంటే గుండె నిబ్బరం ఒక్కటే కారణమని నేను అనుకోను. ఇంకో ఇరవై రోజులు అక్కడే ఉండి మళ్లీ ప్రయత్నించే వీలు కూడా ఆయనకు ఉంది. నా విషయంలో ఆ వీలు లేకపోయింది. చాలా ఏళ్ల కిందట ఒక హిమాలయ నడకకు మొత్తం సొమ్ము ముందే కట్టేశాను. మూడో రోజు జ్వరం వచ్చినా, కట్టిన డబ్బు పోతుందన్న ఒక్క ఆలోచనతో పైకే నడిచాను. ఆ రాత్రి డేరాలో పడిన అవస్థ నా పద్దుల పుస్తకంలో ఎక్కడా లేదు. అప్పటి నుంచి ఇలాంటి ప్రయాణాలకు లెక్క వేసేటప్పుడు దిగివచ్చే ఖర్చును ముందు రాస్తున్నాను.

మీరు ఉత్తరంతో పంపిన అంచనా పట్టికలో సైకిల్‌కు 95,000, పరికరాలకు 60,000, పర్వతారోహణ ఏజెన్సీకి 1,15,000, ప్రయాణాలకు 30,000 చూపించారు. ఇందులో ముందు సరిచేయవలసినది రోజుల లెక్క. మనాలీ నుంచి లేహ్‌కు సుమారు 430 కిలోమీటర్లకు తొమ్మిది రోజులు పెట్టుకున్నారు. కాళ్లకు అది చాలు, ఊపిరితిత్తులకు చాలదు. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు నిన్నటికంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని, మూడు నాలుగు రోజులకు ఒక విశ్రాంతి రోజు ఉండాలని పర్వత వైద్యులు చెబుతారు. సుమారు 3,200 మీటర్ల జిస్పా నుంచి మరుసటి మజిలీ సర్చూ అనుకుంటే అది ఒక్కసారిగా వెయ్యి మీటర్లకు పైగా పెరుగుతుంది. ఆ తరువాత 5,300 మీటర్లు దాటిన తంగ్‌లాంగ్ లా కనుమ కూడా ఉంది. సముద్ర మట్టానికి నూటయాభై మీటర్ల ఎత్తున్న ఊరి నుంచి వెళ్లే మీకు సైకిల్ భాగంలో మూడు రోజులు, శిఖరం దగ్గర వాతావరణం కోసం రెండు రోజులు అదనంగా కావాలి. అప్పుడు మొత్తం 32 రోజులు అవుతుంది. మీకున్న 18 రోజుల జీతపు సెలవు పోను 14 రోజుల జీతం కోత పడుతుంది, అంటే సుమారు 27,000 రూపాయలు. ఇది మీ పట్టికలో లేదు. వైద్య పరీక్షలకు, బీమాకు 13,000 వేయండి. ఇవి కాక 60,000 రూపాయలు విడిగా ఉండాలి. గైడుకు, సామాను మోసే గుర్రాలకు అదనపు రోజుల కూలి, మార్చుకోవలసి వచ్చే విమాన టికెట్, ఒంట్లో బాగాలేనప్పుడు లేహ్‌కో మనాలీకో దింపే వాహనం, ఇవన్నీ దానిలోంచే రావాలి. వాహనం ఎక్కితే నియమం తప్పినట్టవుతుందని మీరు సంకోచిస్తారేమోనని ఈ సంగతి ఇప్పుడే రాస్తున్నాను.

ఇలా కూడితే నాలుగు లక్షలైంది. తగ్గించగలిగినవి రెండున్నాయి. మంచు బూట్లు, వాటి అడుగున తగిలించే ఇనుప ముళ్లు (క్రాంపాన్లు), మంచు గొడ్డలి (ఐస్ యాక్స్) లేహ్‌లో అద్దెకు దొరుకుతాయి. ఒక్క శిఖరం కోసం కొనవద్దు. చలికోటు, స్లీపింగ్ బ్యాగ్ లాంటివి మాత్రం మీ కొలతకు చూసుకుని కొంటే పరికరాలకు 25,000 సరిపోతుంది. సైకిల్‌కు తేలికైన ఫ్రేమ్ కంటే ఎత్తు ఎక్కడానికి పనికివచ్చే చిన్న గేర్లు, గట్టి చక్రాలు, దారిలో ఎవరైనా బాగుచేయగల విడిభాగాలు ముఖ్యం. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కనుక 50,000లో మీకు తగినది చూసుకోవచ్చు. దీనితో మొత్తం 3,20,000కు వస్తుంది. అంకె మీ డిపాజిట్‌తో సరిగ్గా సమానమైనందున అది తీస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. అయితే వాయిదా, ఇంటి ఖర్చు, స్కూలు కలిపి నెలకు 47,500. ఆరు నెలలకు 2,85,000. ఆ డిపాజిట్ మీ కుటుంబానికి ఆపద్ధనం, పైగా అందులో మిగులు 35,000 మాత్రమే.

మూడు లక్షల పర్సనల్ లోను 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 10,250 కట్టాలి, వడ్డీయే 69,000 అవుతుంది. మీకు ఇప్పుడు నెలకు మిగిలేది 9,500. చీటీ ఇప్పుడే పాడుకుంటే, ఉదాహరణకు పాటలో 35,000 వదులుకుంటే, చేతికి 1,65,000 వస్తుంది. ఆ తరువాత పద్నాలుగు నెలలు కట్టుకుంటూనే ఉండాలి. చివరి దాకా ఆగితే చీటీ నడిపేవారి 5 శాతం కమీషన్ పోయినా 1,90,000 వస్తుంది, మధ్యలో డివిడెండ్లు, అంటే ఇతరులు పాటలో వదులుకున్న సొమ్ములో మీ వాటా, వేరు. చిట్ ఫండ్స్ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఈ కమీషన్ 7 శాతం దాటకూడదు. మీ చీటీ 1982 నాటి ఆ చట్టం కింద రిజిస్టరైనదో కాదో ఈ వారమే చూసుకోండి, ఎందుకంటే పథకమంతా దాని మీద ఆధారపడి ఉంది.

నెలకు మిగిలే 9,500లో 5,000తో 22 నెలల రికరింగ్ డిపాజిట్ మొదలుపెడితే, ఆరున్నర శాతం వడ్డీతో సుమారు 1,17,000 అవుతుంది. చీటీ సొమ్ముతో కలిపి 3,07,000. పద్నాలుగు నెలల తరువాత చీటీ వాయిదా 10,000 ఖాళీ అవుతుంది కదా, అందులో మొదటి రెండు నెలలది కలిపితే యాత్రకు సరిపోతుంది. మిగతా ఆరు నెలల 60,000 పాప పేరున వేయండి.

ఇక మిగిలిన 4,500తో బీమాను సరిచేయాలి. ఇది వాయిదా వేయకూడదు. మీ ఇంటి అప్పు ఇంకా 15 లక్షలకు పైగా ఉంటుందని నా లెక్క. పాతిక లక్షల పాలసీలో అది తీరాక మీ శ్రీమతి గారికీ పాపకూ మిగిలేది తొమ్మిది పది లక్షలే. ఇంకో యాభై లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. దరఖాస్తులో ప్రమాదకరమైన అభిరుచుల గురించి అడిగినచోట పర్వతారోహణ చేయబోతున్నానని స్పష్టంగా రాయండి. ప్రీమియం కొంత పెరిగినా రాయండి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ప్రశ్నించలేరు, కానీ మీ యాత్ర ఆ మూడేళ్ల లోపలే ఉంది. ఆరోగ్య బీమాలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణికం చేసిన మినహాయింపు, వృత్తిగా సాహస క్రీడల్లో పాల్గొన్నప్పుడు కలిగే చికిత్స ఖర్చులకు సంబంధించినది. పర్వతారోహణ, రాఫ్టింగ్ రెండూ అందులో పేరుతో సహా ఉన్నాయి. మీరు వృత్తిగా చేయడం లేదు. అయినా కంపెనీల గ్రూపు పాలసీల్లో మాటలు వేరుగా ఉండవచ్చు, జీతం లేని సెలవులో పాలసీ కొనసాగుతుందో లేదో కూడా తెలియాలి. రెండింటికీ మీ హెచ్‌ఆర్ నుంచి ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. వ్యక్తిగత ప్రమాద బీమాలు సాధారణంగా పర్వతారోహణను మినహాయిస్తాయి కనుక వాటిని నమ్ముకోవద్దు. ఏజెన్సీ ధరలో ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతి రుసుము కలిసి ఉందా, మీరు మధ్యలో తిరిగి వస్తే ఎంత వాపసు ఇస్తారు అన్నవి రాతపూర్వకంగా వచ్చే వరకు అడ్వాన్సు కట్టకండి.

సాధనకు పెద్ద ఖర్చు లేదు. అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు 2,388. వారానికి రెండుసార్లు వీపు మీద బరువుతో ఎక్కండి, బరువుతో దిగడం కూడా అలవాటు చేసుకోండి, ఎందుకంటే మోకాళ్లు చెడేది దిగేటప్పుడే. సైకిల్ కొన్న ఆరు నెలలకు, చలికాలంలో, సామానంతా కట్టుకుని మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్‌కు వెళ్లి రండి. ఒక్కో వైపు నూటయాభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, చివర అసలైన కొండ ఎక్కుడు ఉంది. ఆ మూడు నాలుగు రోజుల్లో తిండికి, బసకు, పంక్చర్లకు అనుకున్నదెంత, అయినదెంత అని పక్కపక్కనే రాసి నాకు పంపండి. ఆ తేడాను బట్టి 60,000 నిల్వ చాలుతుందో, పెంచాలో అప్పుడు చెబుతాను.