1915లో మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుంటే ప్రపంచంలో ఆటలన్నీ ఆగిపోయాయా? మన దేశంలో సంగతేమిటి?

అన్నీ ఆగలేదండి. కొన్ని వెంటనే ఆగాయి, కొన్ని తిట్లు తింటూ సాగాయి, కొన్నిటికి యుద్ధం ఊసే పట్టలేదు. విజేతల పట్టికల్లో ఆ ఏడాదికి ఎదురుగా 'జరగలేదు' అని కనిపించడంతో అంతా మూతపడిందనుకుంటారు చాలామంది. నేను ఉద్యోగరీత్యా మాంచెస్టర్‌లో ఉంటాను, వారాంతాల్లో ఇక్కడి ఒక చిన్న క్లబ్‌కి క్రికెట్ ఆడతాను. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లతో తిరిగితే 1915 సంగతులు వద్దన్నా చెవిన పడతాయి.

ఆగిపోయినవి ముందు చెప్పేస్తాను. వింబుల్డన్ లేదు, టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం లేదు, ఇంగ్లండ్‌లో కౌంటీ క్రికెట్ లేదు. 1914 ఆగస్టులోనే ఇంగ్లండ్ క్రికెట్ దిగ్గజం డబ్ల్యూ.జి. గ్రేస్ 'ఇక బ్యాట్లు పక్కన పెట్టండి' అన్న అర్థం వచ్చేలా పత్రికకు లేఖ రాశాడు. ఆ పెద్దాయన 1915 అక్టోబర్‌లో పోయాడు. 1916 ఒలింపిక్స్ బెర్లిన్‌లో జరగాలి. స్టేడియం 1913లోనే కట్టేశారు కూడా. ఆ పోటీలు జరగలేదు గానీ లెక్కలో ఆరో ఒలింపిక్స్‌గా అలాగే ఉండిపోయాయి.

అసలు గొడవ ఫుట్‌బాల్‌ది. రగ్బీ యూనియన్ వాళ్లకి ఆట మీద జీతం లేదు, క్రికెట్‌ని నడిపేది కలిగినవాళ్లు. వాళ్లు ఆపుదామనుకుంటే ఆగిపోయింది. ఫుట్‌బాల్ ఆటగాళ్లు మాత్రం ఎక్కువమంది కార్మికుల ఇళ్ల పిల్లలు, క్లబ్బులతో సీజన్ అంతటికీ ఒప్పందం ఉన్నవాళ్లు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ 1914-15 సీజన్ పూర్తి చేసింది, ఎవర్టన్ గెలిచింది. 'కుర్రాళ్లు కందకాల్లో చస్తుంటే వీళ్లకి ఆటలా' అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. నన్నడిగితే ఆ కోపంలో దేశభక్తి ఎంతుందో, కూలివాడి ఆట మీద చిన్నచూపూ అంతే ఉంది. ఎందుకంటే సైన్యంలో చేరిన ఫుట్‌బాలర్లూ తక్కువేం కాదు. 1914 డిసెంబర్‌లోనే లండన్‌లో ఫుట్‌బాలర్ల కోసం ప్రత్యేకంగా ఒక బెటాలియన్ పెట్టారు. ఎడిన్‌బరోలో హార్ట్స్ జట్టు ఆటగాళ్లు మూకుమ్మడిగా సైన్యంలో చేరారు.

ఇక 1915 ఏప్రిల్‌లో ఒకే మైదానంలో, మూడు వారాల తేడాతో జరిగిన రెండు మ్యాచ్‌లు చూడండి. మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్.

మొదటిది ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే. మాంచెస్టర్ యునైటెడ్ 2-0తో లివర్‌పూల్‌ని ఓడించింది. ఆ మ్యాచ్ ఫిక్స్ అయింది. సరిగ్గా 2-0 అని బుకీల దగ్గర ముందే పందేలు పడ్డాయి. యునైటెడ్‌కి వచ్చిన పెనాల్టీ గోల్‌పోస్టుకి ఆమడ దూరంలో పోయింది. చివర్లో లివర్‌పూల్ ఆటగాడు ఫ్రెడ్ పాగ్నమ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలితే సొంత జట్టువాళ్లే అతని మీద మండిపడ్డారట! విచారణ తర్వాత ఏడుగురి మీద జీవితకాల నిషేధం పడింది, నలుగురు లివర్‌పూల్ వాళ్లు, ముగ్గురు యునైటెడ్ వాళ్లు. మా క్లబ్‌లో స్కోరు రాసే పెద్దాయన యునైటెడ్ వీరాభిమాని. ఆయన ఈ కథ చెప్పేటప్పుడు దొంగతనాన్ని సమర్థించడు గానీ ఒక మాట అంటాడు: సీజన్ అయిపోతే లీగ్ ఉండదని, జీతం ఆగిపోతుందని వాళ్లకి తెలుసు. అది నిజమే. ఆ వేసవిలోనే లీగ్‌ని ఆపేశారు, తర్వాత యుద్ధకాలపు మ్యాచ్‌లకి ఆటగాళ్లకి డబ్బులివ్వలేదు.

ఆ ఏడుగురిలో శాండీ టర్న్‌బుల్ 1917లో ఫ్రాన్స్‌లో అరాస్ యుద్ధంలో చనిపోయాడు. సైన్యంలో పనిచేసినందుకు 1919లో నిషేధాలు ఎత్తేశారు, చనిపోయిన అతనికి కూడా. తప్పు చేయలేదని కోర్టుకెక్కిన ఈనాక్ వెస్ట్‌కి మాత్రం 1945 దాకా ఎత్తలేదు.

రెండోది ఏప్రిల్ 24, ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్. షెఫీల్డ్ యునైటెడ్ 3-0తో చెల్సీని ఓడించింది. ప్రేక్షకుల్లో ఖాకీ బట్టల సైనికులు అంతమంది ఉండబట్టి దానికి 'ఖాకీ ఫైనల్' అని పేరొచ్చింది. కప్పు అందిస్తూ లార్డ్ డెర్బీ, ఇక అందరూ కలిసి ఇంగ్లండ్ కోసం ఆడండని చెప్పాడు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది: లీగ్‌లో చెల్సీ, మాంచెస్టర్ యునైటెడ్ కంటే ఒకే ఒక్క పాయింటు తక్కువతో కింది డివిజన్‌కి పడిపోయే చోట నిలిచింది. ఆ ఫిక్సింగ్ మ్యాచ్‌లో గెలవకపోతే ఆ చోటు మాంచెస్టర్ యునైటెడ్‌దే. 1919లో లీగ్‌ని పెద్దది చేసి చెల్సీని కాపాడారనుకోండి.

ఫైనల్ అయిన మర్నాడు తెల్లవారుజామున తుర్కీలోని గల్లిపోలీ తీరంలో బ్రిటన్ పక్షపు సైన్యాలు దిగాయి. ఆ తర్వాత మే మొదటి వారం ఇంకా విచిత్రం. మే 6న న్యూయార్క్‌లో బేబ్ రూత్ అనే కుర్ర పిచర్ (బంతి విసిరేవాడు) మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో తన మొదటి హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) కొట్టాడు. మే 7న జర్మన్ జలాంతర్గామి లూసిటానియా ఓడని ముంచేసింది. మే 9న ఉత్తర ఫ్రాన్స్‌లో ఒక్కరోజే ఇద్దరు చాంపియన్లు పోయారు: 1910 నుంచి 1913 దాకా వరసగా నాలుగేళ్లు వింబుల్డన్ గెలిచిన న్యూజిలాండ్ ఆటగాడు టోనీ వైల్డింగ్, 1909 టూర్ డి ఫ్రాన్స్ విజేత ఫ్రాన్స్వా ఫాబెర్.

అమెరికా అప్పటికి యుద్ధంలో లేదు కాబట్టి అక్కడ అన్నీ మామూలే. హెవీవెయిట్ బాక్సింగ్ టైటిల్ పోరు ఏప్రిల్ 5న పక్కనున్న క్యూబాలోని హవానాలో జరిగింది. 26వ రౌండ్‌లో జెస్ విల్లార్డ్ చేతిలో జాక్ జాన్సన్ ఓడాడు.

గల్లిపోలీలోనూ క్రికెట్ ఆడారు, డిసెంబర్ 17న, షెల్ గ్రీన్ అనే చోట. ఆస్ట్రేలియా సైనికులు అక్కణ్ణుంచి గుట్టుగా వెళ్లిపోతున్నారు. అంతా మామూలుగానే ఉందని తుర్కులు నమ్మాలని, తలల మీంచి గుళ్లు పోతుంటే బ్యాటింగ్ చేశారు. ఆ ఫోటో ఇప్పటికీ దొరుకుతుంది.

ఇక మన దేశం. ఇంగ్లండ్ తరఫున క్రికెట్ ఆడిన, ఫ్రాన్స్ యుద్ధరంగానికి వెళ్లొచ్చిన నవానగర్ రాజు రంజిత్‌సింహ్‌జీ 1915లో యార్క్‌షైర్‌లో పక్షుల వేటకి పోయి, ప్రమాదవశాత్తూ కుడి కన్ను పోగొట్టుకున్నాడు. అటు బొంబాయిలో యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింల మధ్య చతుర్ముఖ క్రికెట్ పోటీలు యుద్ధకాలంలోనూ నడిచాయి. 1916లో అక్కడే యూరోపియన్ల మీద ఒక తెలుగు కుటుంబం కుర్రాడు తొలి మ్యాచ్ ఆడాడు. ఏడు వికెట్లు పడ్డాక దిగి, మూడు బంతులు ఆపి, నాలుగోదాన్ని సిక్స్ కొట్టాడు. ఆయనే మన సి.కె. నాయుడు, 1932లో భారత్ తొలి టెస్టు కెప్టెన్. ఈ ముక్క మాత్రం మా పెద్దాయనకి నేనే చెప్పాను.