దేవుని చిత్తం స్పష్టంగా తెలియట్లేదు, కువైట్ జాబ్‌కి వెళ్ళాలా వద్దా అని అడిగిన సిస్టర్‌కి

వందనాలు సిస్టర్. మీరు రాసింది రెండుసార్లు చదివాను. కువైట్‌లో నర్సు జాబ్ వచ్చింది, మీటింగ్‌కి వచ్చిన దైవజనుడు ఒకాయన "ప్రభువు నీకు విదేశీ ద్వారం తెరిచాడు, వెళ్ళు" అని ప్రవచనం చెప్పారు, అమ్మగారేమో వద్దంటున్నారు, ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తున్నా మనసులో నెమ్మది లేదు, ఇదే కదా. మాది పాలకొల్లు దగ్గర, నేనూ ఏసీ మెకానిక్‌గా కువైట్ వెళ్ళొచ్చినవాడినే, అందుకని రాస్తున్నా. పాస్టర్‌ని మాత్రం కాదండి.

ముందు ఆ ప్రవచనం సంగతి. అలాంటివి అసలు లేవు అనే బాపతు కాదు నేను, కానీ పౌలు "ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి" అని రాసి ఆ వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు, మనవాళ్ళు మొదటి ముక్క మైకులో చెప్పి రెండోది మింగేస్తారు. వీలైతే ఈ రాత్రి 1 రాజులు 13 చదవండి. యూదా నుంచి బేతేలుకి వచ్చిన దైవజనుడికి దేవుడే సూటిగా చెప్పాడు, అక్కడ అన్నం తినొద్దు, నీళ్ళు తాగొద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్ళొద్దు అని. రాజు పిలిచినా ఆగలేదు మనిషి. తర్వాత ఒక ముసలి ప్రవక్త వచ్చి నేనూ నీలాంటి ప్రవక్తనే, దేవదూత నాతో చెప్పాడు, మా ఇంటికి రా అంటే నమ్మి వెళ్ళి భోంచేశాడు, దారిలో సింహం చంపేసింది. ఆ ముసలాయన చెప్పింది అబద్ధం అని బైబిల్లోనే ఉంది. నాకైతే ఆ అధ్యాయం చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. అంటే మీకు చెప్పినాయన అబద్ధికుడు అనట్లేదు నేను, ఆయన ఎంత మంచివాడైనా మీ మీద ఆజ్ఞ వేసే అధికారం ఆయన నోటికి లేదు అంటున్నా.

నాకూ ఒకరింట్లో పెట్టిన కాటేజ్ ప్రేయర్‌లో అచ్చం ఇదే మాట చెప్పారు, విదేశీ ద్వారం అని. నా పక్కన కూర్చున్న ఇద్దరికీ అదే ద్వారం తెరిచారు లెండి! దానికి తోడు డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో స్టీల్ పళ్ళెంలోంచి తీసిన వాగ్దానం కార్డులో ఆదికాండము 28:15 వచ్చింది, "నీవు వెళ్లు ప్రతి స్థలమందు నిన్ను కాపాడుచు" అని. మా అమ్మ దాన్ని బీరువా అద్దానికి అంటించి, ఇంకేంటిరా దేవుడే వెళ్ళమంటున్నాడు అంది. ఆ వాక్యంలోనే "ఈ దేశమునకు నిన్ను మరల రప్పించెదను" అని కూడా ఉంది, దాన్ని పట్టుకుని మా నాన్న, దేవుడు ఇక్కడే ఉండమంటున్నాడు అనొచ్చు! అది దేవుడు యాకోబుకి చెప్పిన మాట, మనకి ధైర్యం ఇస్తుంది, వీసా విషయం తేల్చదు.

నాకు దారి చూపించింది మా సంఘంలో ఒక పెద్దాయన, రిటైర్డ్ హైస్కూల్ మాస్టారు. ప్రార్థన చేయండి అని వెళ్తే ముందు వాళ్ళావిడ చేత టీ ఇప్పించి ప్రశ్నలు మొదలుపెట్టారు. అప్పెంత ఉంది, ఏజెంట్ ఎంత అడుగుతున్నాడు, ఏ వీసా, అక్కడ ఆరాధనకి ఎక్కడికి వెళ్తావు, నాన్న ఆరోగ్యం ఎవరు చూస్తారు. సగానికి నా దగ్గర జవాబు లేదు. అవి కనుక్కోకుండా దర్శనం కోసం ఎదురుచూస్తున్నావా అన్నారు. కనుక్కుంటే ఏజెంట్ ఇచ్చేది విజిట్ వీసా అని తేలింది, అది వదిలేశా. తర్వాత వేరే చోట సరైన వర్క్ వీసా వచ్చింది, దానికి ఏ కలా రాలేదు, ఏ ప్రవచనమూ రాలేదు. మాస్టారు ఒక్కటే అన్నారు, "ఒరేయ్ వెళ్తే పాపం కాదు, వెళ్ళకపోయినా పాపం కాదు, దేవుడు నీకు బుర్ర కూడా ఇచ్చాడు కదరా". అప్పుడు దిగింది బరువు.

ఆయన జార్జ్ ముల్లర్ గురించి తెగ చెప్పేవారు, బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపినాయన. ముల్లర్ బావమరిది గ్రోవ్స్, ఆ గ్రోవ్స్‌తోనే 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు ఇండియా వచ్చి, తర్వాత మన వైపు నర్సాపురంలో స్థిరపడ్డారు, కాబట్టి మాకు ఆయన ఇంటి మనిషి లెక్క. ముల్లర్ ఏం చెప్పాడంటే, ముందు ఆ విషయంలో నా సొంత ఇష్టం అంటూ ఏమీ లేని స్థితికి మనసు తెచ్చుకోవాలి, పదింట తొమ్మిది వంతుల కష్టం అక్కడే అని. ఫీలింగ్ మీదే ఆధారపడితే మోసపోతాం అని కూడా అన్నాడు.

ఇక నెమ్మది లేదు అన్నారు కదా. 2 కొరింథీ 2:12, 13 చూడండి, పౌలుకి త్రోయ అనే ఊళ్ళో ప్రభువు మంచి అవకాశమే ఇచ్చాడు, కానీ తోటి సేవకుడు తీతు కనబడక మనసులో నెమ్మది లేక అక్కడ సెలవు తీసుకుని మాసిదోనియకి వెళ్ళిపోయాడు. దానికి దేవుడు ఆయన్ని తిట్టినట్టు ఎక్కడా లేదు. ద్వారం తెరిచి ఉన్నంత మాత్రాన దూరి తీరాలని రూల్ లేదు సిస్టర్. అలాగని నెమ్మది లేకపోతే దేవుడు వద్దన్నట్టే అని కూడా అనుకోకండి, మొదటిసారి ఊరు దాటే ఎవరికైనా గుండె దడే.

కాబట్టి ఏజెంట్‌కి రిజిస్ట్రేషన్ ఉందో లేదో విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడండి, రూల్ ప్రకారం సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి అడిగితే అక్కడే అనుమానించండి. ఆంధ్రాలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి, అక్కడా కనుక్కోండి. కువైట్‌లో ఆరాధన శుక్రవారం, సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి కాంపౌండ్‌లోకి వెళ్తే ఒక గదిలో మలయాళం పాట, పక్క గదిలో ఇంకో భాష, బయట చెప్పుల గుట్టలు, సహవాసానికి లోటుండదు. కానీ హాస్పిటల్ డ్యూటీ షిఫ్టులు కదా, శుక్రవారం సెలవు దొరుకుతుందో లేదో అక్కడ చేసే నర్సుల్ని అడగండి, అది చాలా ముఖ్యం.

అమ్మగారు ఎందుకు వద్దంటున్నారో మీరు రాయలేదు. భయమా, పెళ్ళి సంగతా, ఆరోగ్యమా? ముందు ఆవిడ దగ్గర కూర్చుని అది అడగండి, వీలైతే ఇక్కడ రాయండి, అది తెలిస్తే నేనూ ఇంకొంచెం సరిగ్గా చెప్పగలను.